ఇసుకనేలలో నీటి లెక్క
(ఉద్దానపు తోటలను గూర్చిన ఒక వృక్షశాస్త్ర పాఠం)

'ఉద్దానం' అన్న మాట 'ఉద్యానం' నుండి పుట్టినదని పెద్దలంటారు. మన ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పవలసి వస్తే 'బాగ్' అంటే సరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో పరచుకొని ఉన్న ఈ భూభాగానికి పడమట తూర్పుకనుమలు, తూర్పున బంగాళాఖాతం. కనుమల నుండి సముద్రం దిశగా నడచిపోయే బాటసారికి ఒకచోట ఎర్రనేల వదలి ఇసుకనేల తగులుతుంది. అక్కడినుండి ఎటు చూచినా కొబ్బరి, జీడిమామిడి, పనస. మండుటెండలో సైతం కాలిబాట మీద నీడ ఉంటుంది. ఇంత పచ్చదనాన్ని చూచినవాడు ఇక్కడ నీటికి కొదవ లేదని అనుకోవడం సహజం. ఆ అనుకోవడంలోనే పొరపాటున్నది.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున 'తిత్లీ' తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. అంతకు అయిదేండ్ల ముందు, 2013 అక్టోబరులో వచ్చిన 'ఫైలిన్' గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినా ఇక్కడి తోటలను కూడా విడిచిపెట్టలేదు. తిత్లీ మాత్రం నేరుగా నెత్తిమీదనే విరుచుకుపడింది. తరాల నాటి కొబ్బరిచెట్లు కొన్ని మొవ్వు విరిగి, కొన్ని వేళ్ళతో సహా పెకలి నేలకొరిగాయి. జీడితోటలు కొమ్మలు చీలి మోడులైనాయి. కూలిన చెట్ల చోట మళ్ళీ మొక్కలు నాటారు. పొడుగు రకపు కొబ్బరిమొక్క కాపునకు రావాలంటే ఆరేడేండ్లు, ఒక్కొక్కచోట అంతకన్న ఎక్కువే పడుతుంది. అంతకాలం ఒక కుటుంబం ఆ మొక్క వంక చూస్తూ ఉండవలె. నాటిన మొదటి రెండు మూడు వేసవులు గట్టెక్కితేనే ఆ చూపునకు అర్థం.

ఈ మొక్కకు ఎన్ని బిందెల నీరు పోయవలెను? ఎన్నాళ్ళకొకసారి పోయవలెను? వినడానికి ఇది పాఠశాల పిల్లవాని ప్రశ్నవలె తోస్తుంది. కాని ఊళ్ళలో దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. "ఎంత పోస్తే అంత మంచిది" అనేది మొదటిది. "రోజూ ఏం పోస్తాంలే, వారం పది రోజులకొకసారి కడుపునిండా పోస్తే చాలు" అనేది రెండవది. రెండింటిలోనూ కొంత సత్యమున్నది. రెండూ ఇసుకనేలలో నష్టం తెచ్చేవే. ఎందువలన అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

నీటిని కొలిచినవారు

మొక్కకూ నీటికీ గల సంబంధాన్ని మన పూర్వులు గమనింపకపోలేదు. వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లోని వృక్షాయుర్వేదాధ్యాయంలో నాటిన చెట్లకు వేసవిలో ఉదయమూ సాయంకాలమూ, చలికాలంలో దినం విడిచి దినం, వానకాలంలో నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పోయవలెనని విధించాడు. ఈ నియమంలో 'ఎంత' అన్న మాట లేదు. 'ఎప్పుడు' అన్నదే ఉన్నది. మన చర్చ ముగిసేసరికి ఆయన ఎంత తెలిసి చెప్పాడో పాఠకులకే బోధపడగలదు.

తూకంతో పరీక్ష చేసినవారిలో మొదట స్మరింపదగినవాడు వాన్ హెల్మాంట్. ఆయన 200 పౌన్ల ఎండు మట్టిని తొట్టిలో నింపి, అయిదు పౌన్ల బరువు గల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగింది. మట్టి తగ్గినది రెండు ఔన్సులు. కావున చెట్టు యావత్తూ నీటినుండే తయారైనదని నిర్ణయించాడు. ఆయన మరణానంతరం 1648లో ఈ సంగతి గ్రంథస్థమైనది. తూకం సరియైనదే, తీర్పు తప్పు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు చెట్టుకు ఆహారమని ఆనాటికి ఎవరికీ తెలియదు. లెక్క సరిగా చేసికూడా తప్పుదారి పట్టవచ్చునన్న హెచ్చరికగా ఈ కథను విజ్ఞానశాస్త్ర విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలె.

పిదప ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను, కుండీ మూతిని సీసపు రేకుతో మూసి, పూటపూటకూ తూచాడు. మూడున్నర అడుగుల మొక్క ఒక పగటి వేళలో సగటున ఒక పౌను నాలుగు ఔన్సుల నీటిని ఆవిరిగా విడుస్తున్నదని తేల్చాడు. ఆయన గ్రంథం 1727లో వెలువడింది. త్రాగిన నీరంతా మొక్క ఒంట పట్టదని, అత్యధికభాగం ఆకులగుండా గాలిలోకి పోతుందని లోకానికి తెలిసింది. దీనినే మనం బాష్పోత్సేకమంటున్నాము. వేళ్ళు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఈ విధంగానే పోతుంది.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రజ్ఞులు, మన దేశంలో బీహారులోని పూసా పరిశోధనాలయంలో లెదర్ అనే రసాయనికుడు, ఒక్కొక్క పంట ఒక పాలు ఎండుపదార్థాన్ని తయారుచేయడానికి ఎన్ని పాళ్ళ నీరు ఖర్చు పెడుతుందో కొలిచారు. కొలరాడో రాష్ట్రంలో కొర్ర, జొన్నజాతులకు మూడువందల పాళ్ళ ప్రాంతమైతే, పశుగ్రాసమైన అల్ఫాల్ఫాకు ఎనిమిదివందల పాళ్ళకు పైగా కావలసివచ్చింది. మెట్టపైరుకు జొన్ననే ఎందుకు ఎంచుకున్నారో మన రైతు ఈ అంకెలు చదివి తెలుసుకోలేదు గాని, అంకెలు మాత్రం అతని పక్షానే ఉన్నాయి.

దాహము, ముంపు

ఆకు అడుగుభాగాన అతిసూక్ష్మమైన పత్రరంధ్రాలుంటాయి. కొబ్బరి ఈనెకు రెండువైపుల నున్న రెబ్బలకైతే అవి అడుగువైపున మాత్రమే. మొక్కకు కావలసిన బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చేదీ, నీరు ఆవిరై వెలుపలికి పోయేదీ ఆ ద్వారాలగుండానే. కావున ఆహారం కావాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరిస్తే నీరు పోతుంది. ఇది మొక్కకు పుట్టుకతో వచ్చిన బేరం. వేళ్ళకు నీరు అందనప్పుడు మొక్క మొదట చేసే పని ఆ తలుపులు మూయడం. ఆకు వాడలేదు, రంగు మారలేదు. చూచేవారికి అంతా సవ్యంగానే ఉన్నది. కాని లోపల వంట ఆగిపోయింది. వాడిపోవడమన్నది దాహానికి మొదటి గుర్తు కాదు, చివరి గుర్తులలో ఒకటి. ఆకు వాడిన తరువాత నీరు పోద్దామనుకునే తోటమాలి అప్పటికే కొన్ని దినాల పెరుగుదలను పోగొట్టుకొని ఉంటాడు.

కొబ్బరి విషయంలో ఈ నష్టం మరీ మోసకారిది. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక ఆకు వేస్తుంది; ప్రతి ఆకు పంగలోనూ ఒక గెల. ఆ గెల మొవ్వులోపల మొలక రూపంలో ఏర్పడింది మొదలు కాయ ముదిరేవరకు సుమారు 44 నెలలు పడుతుంది. పొత్తి విచ్చుకొనడానికి ముందే దానికి రెండున్నరేండ్లకు పైబడిన జీవితం గడచి ఉంటుంది. ఈ వేసవిలో చెట్టు దప్పిగొంటే, ఇప్పుడు విచ్చుకున్న పొత్తిలోని పిందెలు కొన్ని రాలడం కంటికి కనబడుతుంది. మొవ్వులో దాగిన గెలలకు తగిలిన దెబ్బ మాత్రం ఏడాదికో రెండేండ్లకో బయటపడుతుంది. అప్పటికి మంచి వానలు కురిసి ఉండవచ్చు. "వానలు బాగా పడ్డా కాపు లేదు" అని రైతు ఆ సంవత్సరపు ఎరువునో, తెగులునో, విత్తనాన్నో నిందిస్తాడు. దోషి ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిన ఒక వేసవి.

ఇక నీరు ఎక్కువైతే ఏమగును? వేళ్ళు కూడ జీవకణాలే. వాటికి శ్వాసక్రియ ఉన్నది, ప్రాణవాయువు కావలె. మట్టిరేణువుల నడుమ ఖాళీలలో కొంత నీరు, కొంత గాలి ఉండవలెను. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే గాలికి చోటు ఉండదు. గాలిలోకంటె నీటిలో ప్రాణవాయువు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేళ్ళు తమలో ఉన్న చక్కెరను పులియబెట్టుకొని కొంతకాలం గడుపుతాయి. పిదప కొనలు నల్లబడి చనిపోతాయి. చచ్చిన వేరు నీరు పీల్చదు. కాబట్టి మోకాలిలోతు నీటిలో నిలిచిన మొక్క నీరులేని మొక్కవలెనే వాడిపోతుంది! ఈ వింతను చూచి దాహమనుకొని మరికొంత నీరు పోసినవారు ఎందరో. చిన్ననాట మా పెరటి బంకమట్టిలోని ఒక మల్లెపాదును నేను ఈ విధంగానే, ఎంతో ప్రేమతో, చంపుకొన్నాను.

మరి వరి నీటిలోనే ఎట్లా పెరుగుతున్నది? వరిపైరు కాండంలోను వేళ్ళలోను గాలిగొట్టాలవంటి ఖాళీలుంటాయి. ఆకునుండి ప్రాణవాయువు వాటిగుండా వేళ్ళకు దిగుతుంది. సోంపేట ప్రాంతపు బీలభూములను చూచినవారికి ఈ భేదం ప్రత్యక్షం. మెరక ఇసుకమీద కొబ్బరి, జీడి. అక్కడికి కొద్దిదూరంలోనే నీరు నిలిచే పల్లపు బీలలో వరి. ఆ బీలను కాపాడుకొనడానికి 2010లో అక్కడి రైతులు, మత్స్యకారులు థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ఎదిరించిన సంగతి అందరికీ తెలిసినదే. ఒకే వాన రెండు నేలలమీద కురిసి రెండు విధాలైన పంటలను పోషిస్తున్నది. మొక్కకు నీరెంత కావాలన్న ప్రశ్నకు నేలను విడిచి సమాధానం లేదని దీనివలన గ్రహించవచ్చు.

ఇసుక పట్టే నీరెంత?

నేలమీద పోసిన నీరు మూడు విధాలుగా ఉంటుంది. రేణువుల నడుమ పెద్ద ఖాళీలను నింపి, భూమ్యాకర్షణ చేత క్రిందికి జారిపోయేది గురుత్వజలం. సన్నని ఖాళీలలో నిలిచి వేళ్ళకు అందేది కేశికాజలం. రేణువులను గట్టిగా అంటిపెట్టుకొని వేళ్ళకు లొంగనిది మూడవది. మొక్కకు ఉపకరించేది ముఖ్యంగా నడుమనున్న కేశికాజలమే. జారవలసినది జారిపోయిన తరువాత నేల పట్టి ఉంచుకొన్న స్థితి పై హద్దు. మొక్క శాశ్వతంగా వాడిపోయే స్థితి క్రింది హద్దు. ఈ రెంటి మధ్యనున్నదే నేల యొక్క పెట్టుబడి.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించిన శిక్షణ పుస్తకాలలో ఈ పెట్టుబడి, ఒక మీటరు లోతు నేలకు, ఇసుకలో 25 నుండి 100 మిల్లీమీటర్లు, గరపనేలలో 100 నుండి 175, బంకమట్టిలో 175 నుండి 250 అని ఇచ్చారు. అనగా ఉద్దానపు ఇసుక, డెల్టాలోని నల్లరేగడిలో మూడవవంతో నాల్గవవంతో నీటిని మాత్రమే దాచగలదు. ఇసుక ఒక చిన్న చెంబు. రేగడి ఒక గంగాళం. చెంబులో గంగాళం నీరు పోస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన కొబ్బరిమొక్కకు లెక్క వేద్దాము. విద్యార్థులు కాగితం, కలం తీసుకొనవలెనని మనవి.

మొక్క చుట్టూ మీటరున్నర వెడల్పు గల గుండ్రని పాదు చేశామనుకుందాం. వ్యాసార్ధం 0.75 మీటరు, వైశాల్యం ఇంచుమించు 1.77 చదరపు మీటర్లు. వేళ్ళు అరవై సెంటీమీటర్ల లోతువరకు ఉన్నాయని, ఇసుక మీటరు లోతుకు 60 మిల్లీమీటర్ల నీటిని పట్టుతుందని అనుకుందాం. అరవై సెంటీమీటర్లకు 36 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. కాబట్టి మన పాదు అడుగంటా ఎండినప్పుడు సైతం పట్టగలిగిన నీరు 1.77 × 36, అనగా సుమారు 64 లీటర్లు. అంతకుమించి పోసిన ప్రతి చెంబెడూ వేళ్ళను దాటి క్రిందికి పోవలసినదే.

పూర్తిగా ఎండేవరకు ఆగరాదని పైన చెప్పుకున్నాము. సగం ఖర్చు కాగానే మళ్ళీ పోయవలెనంటే ఒక తడికి 32 లీటర్లు. వేసవిలో ఎండ, సముద్రపు గాలి కలిసి దినానికి ఆరు మిల్లీమీటర్లు ఆవిరి చేస్తాయనుకుంటే పాదునుండి రోజుకు పోయేది 10 లీటర్ల పైచిలుకు. 32 లీటర్లు మూడు రోజులకు సరి. పన్నెండు లీటర్ల బిందెతో ఇంచుమించు మూడు బిందెలు, మూడు రోజులకొకసారి.

ఇదే నీటిని తొమ్మిది రోజులకొకసారి తొమ్మిది బిందెలుగా పోస్తే? మొత్తం 108 లీటర్లు. నేల పట్టేది 64. మిగిలిన 44 లీటర్లు, అనగా దాదాపు నాలుగు బిందెలు, క్రిందికి పోయాయి. ఉన్న 64 లీటర్లూ ఆరు రోజులకే అయిపోతాయి. చివరి మూడు రోజులు మొక్క ఉపవాసం. నీరంతే, శ్రమ అంతే. ఒక పద్ధతిలో మొక్క పెరుగుతుంది, మరొక పద్ధతిలో ప్రతి తొమ్మిది రోజులకూ మూడు రోజులు చావుకు దగ్గరగా వెళ్ళి వస్తుంది. "కడుపునిండా పోస్తే చాలు" అన్న మాట రేగడినేలకు చెల్లుతుంది. ఇసుకకు అంత కడుపు లేదు.

ఇది కాగితం మీది లెక్కయే గదా అని ఎవరైనా అనవచ్చు. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ లేత కొబ్బరిమొక్కలకు వేసవిలో నాలుగు రోజులకొకసారి 45 లీటర్లు పోయవలెనని సిఫారసు చేసింది. దినానికి 11 లీటర్ల పైన అన్నమాట. మన లెక్క దానికి చేరువలోనే ఉన్నది. పెద్ద చెట్లకు 1.8 మీటర్ల వ్యాసార్ధపు పాదులో నాలుగు రోజులకొకసారి 200 లీటర్లు. పాదు వైశాల్యం పది చదరపు మీటర్ల పైన ఉంటుంది గనుక అది రోజుకు అయిదు మిల్లీమీటర్లకు సమానం. బిందుసేద్యమైతే పళ్ళెంలో కొలిచిన ఆవిరిలో 66 శాతం నీరిచ్చినా సరిపోతుందని అదే సంస్థ తేల్చింది. చెంబు చిన్నదైనప్పుడు చుక్కచుక్కగా నింపుతూ ఉండడం కన్న మేలైన మార్గం లేదు. పాతిన మట్టికుండలో నీరు నింపి మొక్కకు చెమ్మ ఊరనిచ్చే కుండసేద్యం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. దానికి విద్యుత్తు అక్కరలేదు.

అయితే దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉన్నది. కొందరు రోజూ ఒక చెంబెడు నీరు మొక్క మొదట చల్లి తృప్తిపడతారు. ఆ నీరు పైనున్న రెండంగుళాల ఇసుకను తడిపి మధ్యాహ్నానికి ఆవిరైపోతుంది. తడి ఎక్కడ ఉంటే వేరు అక్కడికి పోతుంది గనుక వేళ్ళు పైపైననే అల్లుకొంటాయి. రెండు రోజులు ఊరికి పోయి వస్తే మొక్క మాడుతుంది. పెనుగాలి వస్తే నిలవదు. తుఫానుల దారిలో ఉన్న తోటకు వేరు లోతుగా దిగడం ఎంత అవసరమో వేరే చెప్పనేల?

మూడు బిందెలను నాలుగు రోజులకు సాగదీసే ఉపాయం తోటలోనే ఉన్నది. కొబ్బరిపీచు పొట్టు తన బరువునకు అయిదారు రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. కాయ ఒలిచిన డొప్పలను లోగుంట పైకి ఉండేట్లు పాదులో వరుసలుగా పాతితే ఒక్కొక్కటి ఒక చిన్న నీటితొట్టి. పైన ఎండుటాకులు కప్పితే ఇసుక కాగదు. పొయ్యిలోకి పోయే డొప్పలలో సగమైనా పాదులోకి పోవలెనని నా అభిప్రాయం. ఇల్లాలికి వంటచెరుకు ఎక్కడిదని అడిగితే మాత్రం నా వద్ద సమాధానం లేదు.

జీడికి ఈ లెక్క వర్తించదు. బ్రెజిల్ దేశం నుండి పదహారవ శతాబ్దిలో పోర్చుగీసువారు తెచ్చిన ఈ చెట్టు వానమీదనే బ్రతుకుతుంది, నీరు నిలిస్తే సహింపదు. చలికాలంలో పూతకు వచ్చేటప్పుడు దానికి పొడి వాతావరణమే హితం. ఆ సమయంలో మబ్బు, ముసురు పట్టితే టీదోమ, ఆకుమచ్చ తెగులు విజృంభిస్తాయి. పిందె పట్టిన పిదప జనవరి నుండి మార్చి వరకు పదిహేను రోజులకొకసారి చెట్టుకు 200 లీటర్లు ఇవ్వగలిగితే పిందెరాలుడు తగ్గి దిగుబడి పెరుగుతుంది. ఇచ్చే శక్తి ఎందరికున్నది అన్నది వేరే ప్రశ్న.

క్రిందికి పోయిన నీరు

వేళ్ళను దాటిన నీరు నష్టమెట్లా అవుతుంది, మళ్ళీ నూతిలోకే వస్తుంది గదా అని ఒక విద్యార్థి అడుగవచ్చు. మంచి ప్రశ్న. నిజమే, ఇసుకలో దిగిన నీటిలో కొంత భాగం భూజలంలోనే కలుస్తుంది. కాని అది ఒంటరిగా పోదు. పాదులో వేసిన యూరియా నుండి ఏర్పడిన నైట్రేటునూ, కొబ్బరికి అత్యవసరమైన పొటాషునూ కరగించుకొని పోతుంది. ఇసుకకు లవణాలను పట్టి ఉంచే గుణం స్వల్పం. ఇసుకనేలలో అధికజలం చేసే హాని వేరును ముంచడం కాదు, ఎరువును దొంగిలించడం. ఆకులు పసుపెక్కితే ఎరువు చాలలేదని మరికొంత వేస్తారు. అదీ నూతిలోకే చేరుతుంది. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నియమం. తోటకు ఎరువు, ఇంటికి నీరు ఒకే ఇసుకపొరను ఆశ్రయించి ఉన్నచోట ఈ నియమాన్ని విస్మరించడానికి వీలులేదు.

సముద్రం సంగతి మరొకటి. తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటిమీద తేలి ఉంటుంది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక, సముద్రమట్టం పైన ఒక అడుగు మంచినీటిమట్టం ఉంటే, క్రింద సుమారు నలభై అడుగుల మంచినీటిపొర ఉంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. దీనిని తిరగవేసి చూడవలె. అధికంగా తోడి పై మట్టాన్ని ఒక అడుగు దింపితే, కాలక్రమాన క్రిందినుండి ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. ఏతంతో తోడిన కాలంలో మనిషి భుజబలమే ఒక హద్దు. మోటారుకు భుజం నొప్పిపుట్టదు.

ఉద్దానంలో నీటిని గూర్చి వ్రాస్తూ అక్కడి మనుషులను మరచిపోవడం సాధ్యం కాదు. ఈ ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఏండ్ల తరబడి అసంఖ్యాకమైన కుటుంబాలను కుంగదీసింది. కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయంతో తేల్చలేదు. కావున ఇక్కడి నీటినే దోషిగా నిలబెట్టడం తొందరపాటు. అయినను స్థానిక భూజలంపై ఆధారపడకుండా చేయాలని హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గొట్టాల ద్వారా తెచ్చే పథకాన్ని, దానితోపాటు పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రాన్నీ, ఆసుపత్రినీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. త్రాగడానికి నది నుండి నీరు తెచ్చుకొనే ఊరిలో మొక్కకు పోసే బిందె కూడా లెక్కలోనిదే. పైగా తోటలో బిందె మోసే మనిషి ఆరోగ్యవంతుడే కావలెనన్న నియమం అక్కడ లేదు. తొమ్మిది బిందెలలో నాలుగు వృథా అన్నప్పుడు, ఎవరి నడుము మీద మోసిన నాలుగు బిందెలవి అని కూడా మనం అడుగవలసి ఉన్నది.

కళాశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయాన్ని నమ్మించడానికి వ్యాసం చాలదు, కుండీ కావలె. అడుగున రంధ్రం గల కుండీలు ఆరు, రంధ్రం లేనివి ఆరు తీసుకొని, అన్నింటిలోనూ సమానమైన తూకపు ఇసుక నింపి, ఒక్కొక్కదానిలో అయిదేసి నానిన పెసలు నాటవలెను. మొలచిన పిదప బలమైన మూడు మొక్కలను ఉంచి తక్కినవి తీసివేయాలి. రెండు జట్లలోనూ కుండీలకు దినానికి 10, 20, 40, 80, 160, 320 మిల్లీలీటర్ల చొప్పున, ఒకే వేళకు నీరు పోయవలె. ఎండ, గాలి, విత్తనం, మట్టి అన్నింటికీ సమానంగా ఉండాలి; మారేది నీరొక్కటే. ఒక కుండీ గోడనీడన, మరొకటి ఎండలో ఉంచి నీటిమీద తీర్పు చెప్పిన ప్రయోగాలను నేనెన్నో చూచాను.

ప్రతిదినం ఎత్తు కొలవడం తేలికే గాని ఎత్తు ఒక్కటే నమ్మదగిన సాక్షి కాదు. నీడపట్టున మొక్క సన్నగా పొడవు సాగి, లోపల సారం లేకపోవచ్చు. నాలుగు వారాలకు మొక్కలను వేళ్ళతో పెకలించి, కడిగి, ఎండబెట్టి, ఆకు కాండములను ఒకటిగా, వేళ్ళను వేరుగా తూచవలెను. కొద్దినీటి కుండీలలో మొక్క చిన్నదైనా, మొత్తంలో వేరు పాలు హెచ్చుగా ఉండడం కనబడుతుంది. దాహం వేసిన మొక్క ఆకుమీద ఖర్చు తగ్గించి వేరుమీద పెట్టుబడి పెడుతుంది. నీరు పెరిగిన కొద్దీ బరువు పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత పెరుగుదల నిలిచిపోతుంది. ఆ పైన రెండు జట్లూ విడిపోతాయి. రంధ్రమున్న కుండీలలో ఆకులు పాలిపోయి ఉంటాయి, వేళ్ళు మాత్రం తెల్లగానే ఉంటాయి. రంధ్రం లేని కుండీలలో వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, మురుగువాసన వేస్తాయి. నీరొకటే, కొలత ఒకటే, జబ్బులు రెండు.

పరీక్షను ఇంకొక అడుగు ముందుకు తీసుకొనిపోదలచినవారు వారానికి 280 మిల్లీలీటర్ల నీటినే ఒక కుండీకి దినానికి 40 చొప్పున, ఒకదానికి రెండు వాయిదాలలో, మరొకదానికి ఆదివారంనాడు ఒకేసారి పోసి చూడవలె. పళ్ళెంలోకి కారిన నీటిని కొలిచి వ్రాసుకోవడం మరువరాదు. ఆ కారిన నీటిని గాజుపలకపై ఆరబెట్టితే మిగిలే తెల్లని మరకయే మొక్కకు దక్కకుండా పోయిన ఉప్పు. ఇసుకను కవిటి వైపునుండో, వజ్రపుకొత్తూరు తీరం నుండో ఒక గోనెసంచెడు తెప్పించుకోగలిగితే మరీ మంచిది. దానితోపాటు మన ఊరి నల్లమట్టిని కూడా ఒక జట్టు కుండీలలో నింపి ప్రక్కన పెట్టండి.